పడమటి హద్దు: మున్సిపల్ సందు

తిరుపతిలో ఎల్‌టీపీగా (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడిగా) ఇళ్ళ ప్లాన్లు పెట్టడం నా పని. ఈ కేసులో వీధి పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొలతలు కూడా కొద్దిగా అటూ ఇటూ చేశాను. నేను చేసిన తప్పును మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను. అసలు ఈ కేసు రాయాలనిపించిందే దానివల్ల.

పాత ఊళ్ళో, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో, రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య ఒక సందు ఉంది. దక్షిణం కొస వీధిలోకి తెరుచుకుంటుంది. ఉత్తరం కొసకు ఎవరో ఎప్పుడో గోడ పెట్టేశారు. అందులో మనుషులు నడవరు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు లోపల కనబడినవి పగిలిన బేసిను, సీసాలు, మేడల మీద నుంచి విసిరిన ప్లాస్టిక్ కవర్లు, ఒక రావి మొక్క.

నన్ను పిలిచింది తూర్పు వైపు ఇంటాయన. రెండున్నర సెంట్ల స్థలం. పాత మిద్దె తీసేసి కింద తను ఉండి, పైన రెండు వాటాలు అద్దెకు ఇచ్చుకోవాలని ఆశ. వెనక వదలాల్సిన ఖాళీ వదిలితే గదులు కుదరడం లేదు.

"ఆ సందు ఎవురికీ పనికి రాదు సార్. నాకు సగం, వెనకింటామెకు సగం. ఊరికే వద్దు, కార్పొరేషన్‌కు దుడ్డు కట్టే తీసుకుంటాం. మీరు అర్జీ రాయండి."

ఆక్రమించకుండా కొంటానంటున్నాడు కదా అని నాకు ముచ్చటేసింది. వెనకింటావిడ డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. సందులోంచి పాములు వస్తున్నాయని ఆవిడ గోడు. సంతకం పెడతానంది. 2021 ఆగస్టులో పని ఒప్పుకున్నాను.

సందు ఎందుకు పుట్టింది

ఇలాంటి సందులు నడవడానికి వదిలినవి కావు. దొడ్డిగోడ అడుగున ఒక కంత, దానికి రేకు తలుపు ఉండేవి. తెల్లవారకముందే పాకీవాళ్ళు ఈ సందులో వచ్చి, రేకు ఎత్తి, లోపలి మలాన్ని తట్టలకెత్తుకుని పోయేవాళ్ళు. వాళ్ళు ముందు వీధిలో ఎదురు పడకూడదని వెనక వేరే దారి. ఇంజనీర్ల కాగితాల్లో దీని పేరు కన్సర్వెన్సీ లేన్, బొంబాయిలో హౌస్ గల్లీ, మన దస్తావేజుల్లో పాకీ సందు. వెనకింటావిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ రేకు చప్పుడుకే మెలకువ వచ్చేదట. ఆ వచ్చినామె పేరేమిటని అడిగాను. గుర్తు లేదంది. కాసేపాగి, "మేము ఎప్పుడూ అడగలేదు నాయనా" అంది.

పొడి మరుగుదొడ్లను నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టిది వచ్చింది. సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ గొట్టాలు చాలా ఇళ్ళకు అంతకుముందే వచ్చేశాయి. పని పోయిన సందు ఒకచోట చెత్తకుండీ అవుతుంది, ఇంకోచోట జానెడు జానెడుగా ఇళ్ళలో కలిసిపోతుంది. బెంగళూరులో కొన్నింటిని నడకదారులుగా, బళ్ళు నిలిపే చోట్లుగా మార్చే ప్రయత్నాలు జరిగాయి. అవి వెడల్పైనవి. మన పాత ఊరి సందులో చేతులు చాపితే దాదాపు రెండు గోడలకూ అందుతాయి.

గొలుసూ టేపూ

టౌన్ సర్వే బ్లాకు మ్యాపు నకలు తెప్పించాను. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటులోది, కాబట్టి పాత లెక్కలన్నీ మద్రాసు పద్ధతిలోనే ఉంటాయి. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. మ్యాపులో సందు వెడల్పు 9 లింకులు, పొడవు 140. అంటే దగ్గరదగ్గర 5 అడుగుల 11 అంగుళాల వెడల్పు, 92 అడుగుల పొడవు. మొత్తం 549 చదరపు అడుగులు. గజాల్లో 61, మన ఊరి లెక్కలో 15 అంకణాల పైచిలుకు. (ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు అంకణం 72. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థలం బేరమాడేవాళ్ళు మొదటి రోజు చౌకగా ఉందనుకుని సంతోషపడతారు.)

నేల మీద టేపు పట్టాను. దక్షిణం కొసన 5 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. పాత గోడలకు పూతలు మందమైతే ఆ రెండు అంగుళాలు పోవడం మామూలే. సందు మధ్యలో మాత్రం 4 అడుగుల 2 అంగుళాలే వచ్చింది. తూర్పు వైపు నుంచి ఎనిమిది అడుగుల పొడవున ఒక గోడ సందులోకి ఉబ్బి ఉంది. అది మా క్లయింటు బాత్‌రూమ్.

"మా నాయన కట్టించింది సార్. ఇరవై ఏండ్లు దాటింది. పన్నెండేండ్లు దాటితే మనదే కదా?"

నా దగ్గరకు వచ్చే ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఈ మాట అంటారు. పన్నెండేళ్ళు ప్రైవేటు మనుషుల మధ్య లెక్క. పబ్లిక్ వీధి స్థలం ఎవరైనా ఆక్రమిస్తే దాన్ని తిరిగి అడగడానికి స్థానిక సంస్థకు 1963 కాలపరిమితి చట్టం ముప్పై ఏళ్ళు ఇచ్చింది. వీధుల కోసమే అందులో 111వ అధికరణం వేరుగా ఉంది. కోర్టుదాకా పోనక్కర్లేకుండా నోటీసిచ్చి ఖాళీ చేయించడానికి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ చేతిలో ఉంది. ఊరుమ్మడి భూముల ఆక్రమణల్ని క్రమబద్ధం చేయకూడదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది గ్రామాల భూముల తీర్పే, అయినా పోరంబోకు, అంటే సర్కారు భూమి, ఫైలు ఏదైనా దాని నీడ పడుతుంది.

తర్వాత దస్తావేజులు చూశాను. తూర్పు ఇంటివి మూడు తరాలవి ఉన్నాయి. తాత కొన్న దస్తావేజులో చెక్కుబంది (నాలుగు వైపుల హద్దుల వివరం) ఇలా ఉంది: "పడమర: మునిసిపాలిటీ వారి పాకీ సందు." తండ్రి భాగపరిష్కారంలో: "పడమర: సందు." కొడుక్కు రాసిచ్చిన దానపత్రంలో: "పడమర: ఫలానా వారి ఇల్లు." ఎవరూ దొంగ కాగితం పుట్టించలేదు. వినడానికి బాగాలేదని మొదట పాకీ పోయింది, దాని వెంటే మునిసిపాలిటీ పోయింది. మూడోసారికి దస్తావేజు రచయిత పడమర ఏముందని అడిగితే వీళ్ళు వెనకింటి పేరు చెప్పారు. నేల మీద సందు ఉంది, కాగితంలో ఎప్పుడో పూడిపోయింది. ఏ పాత ఊళ్ళోనైనా లింకు దస్తావేజుల (ఒకే ఆస్తికి వరసగా వచ్చిన పాత దస్తావేజుల) చెక్కుబందులు వరసగా పరిచి చదివితే ఇలాంటివి బయటపడతాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి అప్పులు లేవని చూసుకుని ఊరుకునేవాళ్ళకు కనబడవు.

ఇచ్చేది ఎవరు, ఎవరిది ఇస్తారు

మన కార్పొరేషన్ల వీధుల విషయంలో నడిచేది 1955 నాటి హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం. 1994 చట్టంతో దాన్ని రాష్ట్రంలోని మిగతా నగరాలకు తెచ్చారు. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది. ఆ చట్టానికి అచ్చు 1888 నాటి బొంబాయి చట్టం. వీధి స్థలం పక్కింటికి పోవడానికి అందులో రెండు దారులున్నాయి. మొదటిది, వీధిని శాశ్వతంగా మూసేయడం: ఆ వీధిలోనే నోటీసు పెట్టి, అభ్యంతరాలు విని, సభ ఆమోదంతో మూసి, ఆ నేలను కార్పొరేషన్ ఆస్తిగా పరిష్కరించడం. రెండోది జనానికి అంతగా తెలియదు. రోడ్డు లైను (వీధి ఇంతవరకే అనే గీత) నిర్ణయించాక ఇంటి గోడకూ లైనుకూ మధ్య వీధి ముక్క మిగిలిపోతే, గోడను లైనుదాకా ముందుకు జరుపుకోనిచ్చి, ఆ ముక్కను వెలకట్టి ఇంటివాడికి ఇవ్వడం. మన సందుకు రెండోది పొసగదు, మొదటిదే గతి.

అక్కడే ముడి పడింది. వీధి కార్పొరేషన్‌కు దఖలు పడిందంటే నేలంతా దానిదైపోయినట్టు కాదు. మంగళౌర్ మున్సిపల్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమర్చింది. అది 1965 రిపోర్టుల్లోది, ఉత్తరాది ఊరు, మన కన్నడ మంగళూరు కాదు. తారు వేసిన భాగం పక్కనున్న ఖాళీలో గాంధీ విగ్రహం, చలివేంద్రం, గ్రంథాలయం పెట్టాలని బోర్డు అనుకుంది. పక్కనున్న ఖాళీ కూడా దారిలో భాగమేనంది కోర్టు. బోర్డుకున్నది దారిని దారిగా కాపాడటానికి కావలసినంత పైపొర మీద హక్కే, అడుగు మట్టి మీద కాదంది. దారి పోతే మట్టి ఎవరిదో వాళ్ళకే చేరుతుంది.

అమెరికాలో చాలాచోట్ల నగరం వీధిని వదులుకుంటే నడిమి గీత దాకా సగం ఇటువాడికీ సగం అటువాడికీ వెళ్ళేది ఈ లెక్కతోనే. ఆ మట్టి మొదటినుంచీ పక్కవాళ్ళదే, నగరానిది నడిచే హక్కు మాత్రమే అనుకుంటారు. అప్పుడు కూడా అడుగునున్న గొట్టాలకూ తీగలకూ హక్కు నగరం దగ్గరే ఉంచుకుంటుంది. ఇంగ్లండులోనైతే 1980 హైవేల చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళి, ఆ దారి అనవసరమని చూపించాలి. మా క్లయింటు నోట వచ్చిన "నాకు సగం, ఆమెకు సగం" నిజానికి అమెరికా సూత్రం. ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎవరికైనా అదే న్యాయంగా తోస్తుంది.

మన దగ్గర అలా కాదు. టౌన్ సర్వే రిజిస్టరులో ఈ సందుకు విడిగా ఒక టీఎస్ నంబరు ఉంది, వర్గీకరణ కాలమ్‌లో వీధి పోరంబోకు అని ఉంది. అంటే మూసేశాక మట్టి పక్కిళ్ళకు రాదు, సర్కారుకు పోతుంది. అది మళ్ళీ అమ్మకానికి రావాలంటే రెవెన్యూలో వర్గీకరణ మారాలి. దారులూ నీటి పోరంబోకులూ అభ్యంతరకర పోరంబోకు జాబితాలో ఉంటాయి, వాటి జోలికి ఎవరూ తొందరగా పోరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉన్న నంబరైతే సబ్‌రిజిస్ట్రారు దగ్గర కాగితం ముందుకు కదలదు. తిరుపతిలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, ఆ నంబరు దేవస్థానానిదో హథీరాంజీ మఠానిదో అవుతుందేమోనని. ఈ సందు అలాంటిది కాదని తేల్చుకున్నాకే ముందుకెళ్ళాను.

ధర మాట. 61 గజాలకు సబ్‌రిజిస్ట్రారు పుస్తకం విలువ వేస్తే పెద్ద మొత్తమే వస్తుంది. ఆరడుగుల వెడల్పు చీలికను మూడో మనిషి ఎందుకు కొంటాడు? వాడికది సున్నా. ఈ ఇద్దరికీ మాత్రం ఒక్కొక్క అడుగూ ఒక గది. వేలం పెడితే పాటకు వచ్చేది ఇద్దరే, ఆ ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటారు. వేలం లేకుండా ఇస్తే, ఎందుకిచ్చారని రేపు ఆడిట్ అడుగుతుంది. బెంగళూరు అభివృద్ధి సంస్థ ఇలాంటి చీలికలకు మార్జినల్ ల్యాండ్ అని పేరుపెట్టి, పక్క సైటువాళ్ళకు కేటాయించే పద్ధతి ఒకటి పెట్టుకుంది. అలా పేరంటూ ఉంటే ఫైలు రాసే గుమాస్తాకు కూడా ధైర్యం వస్తుంది.

ఇదంతా క్లయింటుకు చెప్పాను. అయినా ప్రయత్నిద్దామన్నాడు. సెప్టెంబరులో అర్జీ పెట్టాం. నేను ఫోటోలు జతచేసి, "సదరు సందు ఏ విధమైన వినియోగంలోనూ లేదు" అని నా సంతకంతో రాసిచ్చాను.

నవంబరు

ఆ వాక్యమే నా తప్పు.

ఆ ఏడాది నవంబరు 18న తిరుపతి మీద కురిసిన వాన గురించి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలిపిరి మెట్లు జలపాతమైపోయాయి, కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి నీళ్ళు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు జారాయి, లక్ష్మీపురం, కొర్లగుంట, మధురానగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మర్నాడు పొద్దున వెనకింటావిడ ఫోన్ చేసింది.

"ఎండల్లో వచ్చి ఫోటోలు తీసుకుంటే ఏం తెలస్తాది నాయనా? ఇప్పుడొచ్చి చూడు."

ప్యాంటు మడిచి వెళ్ళాను. ఎవరూ వాడని సందు నిండుగా పారుతోంది. ఉత్తరం గోడ అడుగున పిల్లి దూరేంత తూము ఉంది. చెత్త కప్పేయడంతో ఆగస్టులో నాకు కనబడలేదు. పై వీధి నీళ్ళు అందులోంచి తన్నుకొస్తున్నాయి. రెండు వైపులా ఇళ్ళ మిద్దెల నీళ్ళు గొట్టాల్లోంచి ఇందులోకే దూకుతున్నాయి. ఏడు గొట్టాలు లెక్కపెట్టాను. ఈ ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. చుక్క ఎక్కడ పడ్డా దక్షిణానికి దిగాలి. ఉత్తర దక్షిణాలుగా ఉన్న సందు ప్రతిదీ, దానికి మనం ఏ పేరు పెట్టినా, కాలువే.

బాత్‌రూమ్ ఉబ్బు దగ్గర నీళ్ళు ఎగదన్నాయి. అక్కడ వెడల్పు 4 అడుగుల 2 అంగుళాలు, దానికి అడ్డంగా పగిలిన బేసిను, మూడు మూటల చెత్త. వెనకింటావిడ దొడ్లో మోకాలి లోతు, మా క్లయింటు వంటింట్లో అర అడుగు. ఆయన చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేనేమీ అనలేదు, ఆయనా అనలేదు. టేపు తీసి నీటి గుర్తు కొలుచుకుని వచ్చేశాను.

నీళ్ళు తీశాక చెత్త ఎత్తించి చూస్తే అడుగున బండలు పరిచిన కాలువ బయటపడింది. అడుగున్నర వెడల్పు, రెండు పక్కలా ఇటుక కట్టు, చక్కటి వాలు. పాతకాలం మేస్త్రీ పనితనం. సందుకు పని పోయిందనుకున్నాం కానీ దానికి మొదటినుంచీ రెండు పనులు. ఒకటే పోయింది.

క్లయింటు వెంటనే ఒప్పుకోలేదు. "కాలువకు గొట్టం వేసేసి పైన కట్టుకుంటే?" అన్నాడు. ప్రశ్న తప్పేమీ కాదు. లెక్క వేసి చూపించాను. గొట్టం వేస్తే మనుషులు దిగి పూడిక తీయడానికి మూత కావాలి, ఆ మూత ఆయన పడకగదిలో వస్తుంది. పై వీధి నీళ్ళు తెచ్చే గొట్టం ఆయన ఇంటి కింద ఉంటే, అది పూడిన రోజు తలుపు తెరవాల్సింది ఆయనే. ఈ భాగం కాగితంలో రాసుకోవచ్చు, అమెరికాలో రాసుకుంటారు కూడా. కానీ రాత్రి పదకొండుకు నవంబరు వానలో ఆ కాగితం పట్టుకుని ఎవరు ఎవరి తలుపు కొడతారు?

డిసెంబరులో అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం ఇచ్చాం. "ఏ విధమైన వినియోగంలోనూ లేదు" అన్న నా మాట తప్పని, సందు వాననీటి కాలువ అని, నవంబరు నీటి గుర్తుల కొలతలతో సహా దానిలోనే రాశాను. ఫైలులో మొదటి మాట ఒక్కటే మిగిలితే, పదేళ్ళ తర్వాత ఇంకెవరో దాన్ని చూపించి అదే సందు అడుగుతారు.

తర్వాత

బాత్‌రూమ్ గోడ మా క్లయింటే పడగొట్టించాడు. ఎవరూ నోటీసు ఇవ్వలేదు. వంటింట్లోకి వచ్చిన నీళ్ళు ఇచ్చాయనుకోవచ్చు. ప్లాను మళ్ళీ గీశాను. మెట్లను ముందు మూలకు తెచ్చి, బాత్‌రూములు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు పేరిస్తే పైన రెండు వాటాలు ఇరుగ్గానైనా కుదిరాయి. సందు మిగలడం వల్ల పడమటి గదులకు కిటికీలు వచ్చాయి. సందు సగం కలుపుకుని ఉంటే అటూ ఇటూ గోడలు మొహాలు ఆనించుకునేవి, మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది. ఈ సంగతి ఆగస్టులోనే నాకు తట్టాల్సింది.

కాగితం పని ఒకటి మిగిలింది. దానపత్రానికి సవరణ దస్తావేజు రాయించాం. చెక్కుబందిలో పడమర ఏం రాయాలని దస్తావేజు రచయిత అడిగాడు. తాత దస్తావేజులో మాట యథాతథంగా వద్దని, "మున్సిపల్ సందు మరియు వాననీటి కాలువ" అని రాయించాను. మరియు తర్వాతి ముక్క నా సొంతం.

వెనకింటావిడ ఇప్పుడు అక్టోబరు రాగానే వార్డు సచివాలయానికి వెళ్ళి, కాలువ తీయించమని గుర్తుచేసి వస్తుంది. పాములు ఇప్పటికీ వస్తున్నాయట, తక్కువగా.

క్లయింటు నాకు అప్పట్లో సగం ఫీజే ఇచ్చాడు, అడిగిన పని కాలేదని. న్యాయమే. మిగతా సగం గృహప్రవేశం నాడు కవరులో పెట్టి ఇచ్చాడు. కవరు మీద "సందు బాకీ" అని రాసి ఉంది.